విస్తరి ముందు నుంచి లేచినవాడు

వారంలో ఆరు రోజులూ తిరుమల్ బస్సు తిరిగే దారి ఒక్కటే. తెల్లవారకముందే దోహా అంచున బర్వా అల్ బరాహా కార్మికుల క్యాంపు ముందు ఆగి, హెల్మెట్లు చంకన పెట్టుకుని సగం నిద్రలో ఉన్న మనుషుల్ని ఎక్కించుకుంటుంది. సైటు దగ్గర దింపుతుంది. పొద్దుగూకాక వాళ్ళనే, సిమెంటు దుమ్ము కమ్మి అంతా ఒకే రంగుకు వచ్చినవాళ్ళని, వెనక్కి తెస్తుంది. శుక్రవారం మాత్రం అదే బస్సును లోపలా బయటా కడిగి, సీట్ల మీద ఉతికిన గుడ్డలు పరిచి, కుటుంబాలుండే అల్ ముంతజా వైపు తిప్పుతాడు. అక్కడి తెలుగు సంఘంవాళ్ళు కంపెనీకి చెప్పి బస్సు మాట్లాడుకుంటారు. పిల్లల పాటల పోటీలనీ, పూజలనీ, క్రికెట్ ఆటలనీ ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది.

తిరుమల్‌ది కోరుట్ల అవతల చిన్న ఊరు. భార్య పుష్ప ఇంటి అరుగు మీద బీడీలు చుడుతుంది. అతను ఖతర్ వచ్చిన కొత్తలో తాపీ మేస్త్రీల దగ్గర మాలు కలిపేవాడు. డ్రైవింగ్ పరీక్ష పోయినా పోయినా మళ్ళీ కూర్చుని, చివరికి లైసెన్సు సంపాదించాడు. స్టీరింగ్ చేతికొచ్చాక ఎండ తప్పింది. "ఏసీల కూసున్నంక మా తిర్మల్ దొర అయిండు" అని క్యాంపులో వేళాకోళం చేసేవాళ్ళు. అతనూ నవ్వేవాడు.

రెండు వైపులా తిరిగే పని కాబట్టి దోహా అతనికి వేరుగా కనిపించేది. క్యాంపు మనుషులు ముంతజా చూడరు. ముంతజా మనుషులకు క్యాంపు ఎటువైపుందో కూడా తెలియదు. మధ్యలో ఎవరూ గోడ కట్టలేదు, దారులే కలవవు, అంతే. సైటు మీదా అదే తంతు. ఏ దేశంవాడు ఏ పని చెయ్యాలో, ఎవడు ఎవడికి 'సార్' అనాలో మనిషిని చూడకముందే పాస్‌పోర్టు చూసి తేల్చేస్తారు.

సంఘం కార్యదర్శి శేషాచలం రాజమండ్రి మనిషి, ఇంజనీరు. శుక్రవారాల్లో ముందు సీట్లో కూర్చుని తిరుమల్‌తో మాట్లాడుతూ వచ్చేవాడు. ఒకసారి, బస్సులో ఇద్దరే ఉన్నప్పుడు, ఉన్నట్టుండి తన గోడు వెళ్ళబోసుకున్నాడు.

"నా దగ్గర పని నేర్చుకున్న కుర్రాడేనయ్యా. మన కాకినాడ వాడే. కెనడా వెళ్ళి ఆ పాస్‌పోర్టు పట్టుకొచ్చాడు. ఇప్పుడు వాడు గదిలో, నేను బయట బల్ల దగ్గర. పనేమో ఇద్దరిదీ ఒకటే."

తిరుమల్ బండి నడుపుతూనే అద్దంలో ఆయన ముఖం చూశాడు. "మీకు సుత గిట్లనే ఉంటదా సార్?"

"ఎవడి పైన వాడికి ఉంటాడయ్యా ఒకడు" అని శేషాచలం కిటికీ వైపు తిరిగిపోయాడు.

ఆ రోజు నుంచి తిరుమల్‌కు ఆయన మీద ఒక రకమైన ఆప్యాయత కలిగింది. దెబ్బ తగిలినవాడికి ఎదుటివాడి దెబ్బ తెలుస్తుంది గదా అనుకున్నాడు.

కార్తీకమాసం వచ్చింది. దోహాలో వేడి తగ్గి గాలి మెత్తబడే రోజులవి. సంఘంవాళ్ళు ఏటా వనభోజనాలు పెట్టుకుంటారు. ఈసారి అల్ వక్రాలో సముద్రం దగ్గరున్న పార్కు అన్నారు. ఉసిరి చెట్టెక్కడిది? ఎవరింట్లోనో కుండీలో పెంచుతున్న మోకాలెత్తు ఉసిరి మొక్కను పట్టుకెళ్ళి, దాని చుట్టూ చాపలు పరుచుకోవడమే.

ఆ వారం శేషాచలం ఫోన్ చేశాడు. "తిరుమల్, ఈసారి మీ క్యాంపు వాళ్ళని కూడా తీసుకురావాలయ్యా. మీ వైపు నాయకుడొకాయన వస్తున్నాడు, మాజీ ఎమ్మెల్యే. కార్మిక సోదరుల్ని కలుస్తానంటున్నాడు. బస్సు నిండా తీసుకురా. భోజనాలు మన దగ్గరే."

తిరుమల్ ఆ మాట చెప్పగానే క్యాంపులో సందడి మొదలైంది. శుక్రవారం వచ్చేసరికి పెట్టె అడుగున దాచిన చొక్కాలు బయటికొచ్చాయి. తిరుమల్ మేనల్లుడు నగేష్ కూడా అదే క్యాంపులో ఉంటాడు, పాతికేళ్ళ వాడు. సెంటు కొట్టుకుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని అందరికంటే ముందు బస్సెక్కాడు. చివరగా ఎక్కినవాడు రాజనర్సు. షట్టరింగ్ పనిచేసే మనిషి, క్యాంపులో అందరికంటే పెద్దవాడు. ఎండకు మాడి మాడి ఆయన ముఖం నల్లరాయిలా అయిపోయింది. ఒక కన్నెప్పుడూ ఎర్రగా ఉంటుంది. తిరుమల్ ఆయన్ని కాకా అంటాడు.

"ఉట్టి పప్పేనటనా?" అని అడిగాడు రాజనర్సు మెట్టు మీద నిలబడి.

"కార్తీకం గద కాకా. వాళ్ళు నీసు ముట్టరు."

"వనభోజనమంటే యాట తెగాలె గదరా. సరే పా, ఇంటి తిండి తిని మస్తు దినాలైంది."

పార్కు గేటు దగ్గర బస్సు ఆపి అందరూ దిగారు. లోపల పచ్చగడ్డి, రంగు రంగుల చీరలు, పరుగులు తీసే పిల్లలు కనిపిస్తున్నారు. గేటు దగ్గర నీలం చొక్కా వేసుకున్న సెక్యూరిటీ మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు. అతను ఇక్రాముద్దీన్, బోధన్ వాడు. క్యాంపులో పక్క బ్లాకులోనే ఉంటాడు. చాయ్ దుకాణం దగ్గర రోజూ కనిపించే ముఖమే.

"తిరుమల్ భాయ్, ఆజ్ జుమ్మా హై. ఫ్యామిలీ డే. బ్యాచిలర్స్ నై జా సక్తే" అన్నాడు, తల వంచుకుని.

"బ్యాచిలర్ ఎవడు ఇక్రామ్ భాయ్? నాకు ఇద్దరు పిల్లలు. రాజనర్సు కాకకు మనుమలున్నరు."

"మాలూం హై భాయ్. పెళ్ళాం పిల్లలు ఎంట లేకుంటె ఈడ అందరు బ్యాచిలర్సే. నేను సుత." ఇక్రాముద్దీన్ గొంతు తగ్గించాడు. "నేనైతే పంపిస్త, గని కెమెరా ఉంది. నా నౌక్రీ పోతది."

తిరుమల్ ఫోన్ చేస్తే శేషాచలం పరుగున వచ్చాడు. ఇంగ్లీషులో మాట్లాడాడు, కార్డు చూపించాడు, ఎవరికో ఫోన్ చేశాడు. లాభం లేకపోయింది. ఆయన వెనకే వచ్చిన భార్య సీతాలక్ష్మి కాసేపు చూసి, ముందుకొచ్చి తిరుమల్ మోచెయ్యి పట్టుకుంది.

"ఈయన మా అన్నయ్య. మా కుటుంబంతో వచ్చాడు. పంపిస్తావా?"

ఇక్రాముద్దీన్ ముఖం వెలిగింది. "ఫ్యామిలీ కే సాత్ హో తో మాఫీ ముష్కిల్, ఏం ఫికర్ లేదు మేడమ్!" అని పక్కకు తప్పుకున్నాడు.

ఉపాయం దొరికిందని అందరికీ సంతోషమైంది. సీతాలక్ష్మి లోపలికి కేకేసింది. "ఒక్కొక్కరు ఒక్కొక్కరిని తీసుకెళ్ళండర్రా, చుట్టాలని చెప్పి!" కుటుంబాలు గేటు దగ్గరికి వచ్చాయి. నవ్వులాటగానే మొదలైంది. ప్రతిమ అనే అమ్మాయి, ముంతజాలోనే ఉంటుంది, నగేష్‌ను చూసి "ఈ కళ్ళద్దాల బాబు మా తమ్ముడు" అంది. అందరూ నవ్వారు. ఇంకొకావిడ ఒకతన్ని మరిది అంది. ఒక పెద్దాయన ఇద్దర్ని తమ్ముళ్ళన్నాడు. తిరుమల్ లోపలికి నడుస్తూ, ఒక్కొక్కరే వస్తారులే అనుకున్నాడు.

రాలేదు. ఇస్త్రీ చొక్కాలవాళ్ళు, వయసులో ఉన్నవాళ్ళు, కాస్త రంగున్నవాళ్ళు అయిపోయాక గేటు దగ్గరికి వచ్చే చుట్టాలు తగ్గిపోయారు. చేతిలో చంటిబిడ్డతో వచ్చిన ఒకావిడ బయట మిగిలినవాళ్ళను ఆ చివర నుంచి ఈ చివరిదాకా చూసింది. రాజనర్సు ఎర్రకన్ను దగ్గర ఆమె చూపు ఆగింది. బిడ్డను అటు భుజం మీద నుంచి ఇటు మార్చుకుని, ఏదో మరిచిపోయినట్టు వెనక్కి వెళ్ళిపోయింది. సంతలో పళ్ళు పట్టి చూసి వదిలేసిన ఎడ్లలా, బస్సు నీడలో ఓ గుంపు నిలబడిపోయింది. అందరికంటే ముసలివాళ్ళు, అందరికంటే నల్లనివాళ్ళు.

అప్పుడే నాయకుడి కారు వచ్చింది. తెల్లచొక్కా, మెడలో కండువా, వెనక ఇద్దరు మగాళ్ళు. ఇక్రాముద్దీన్‌ను ఎవరూ ఏమీ అడగలేదు, అతనూ ఎవర్నీ ఏమీ అడగలేదు. గేటు బార్లా తెరుచుకుంది.

"ఓరి, మరి గాయిన పెండ్లామేదిరా?" అన్నాడు రాజనర్సు. బస్సు నీడలో ఉన్నవాళ్ళందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు లోపలి చాపల దాకా వినిపించింది.

తిరుమల్ అప్పటికే చాప మీద కూర్చున్నాడు. ముందు విస్తరి వేశారు. పప్పు, పులిహోర, కంద బచ్చలి, నెయ్యి. అన్నం వేడిగా పొగలు కక్కుతోంది. ఉసిరి కుండీ పక్కన నిలబడి నాయకుడు మైకులో మాట్లాడుతున్నాడు. వనభోజనమంటే చిన్నా పెద్దా తేడా లేకుండా ఒక్క చెట్టు కింద ఒక్క పంక్తిలో తినడం అన్నాడు. ఖతర్‌లో ఉన్న తెలుగువాళ్ళంతా ఒకే కుటుంబమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తిరుమల్ చేతులు కూడా కలవబోయి, ఆగిపోయాయి. మెడ తిప్పి చూస్తే గేటు ఊచల సందుల్లోంచి రాజనర్సు భుజం కనిపించింది.

మాట్లాడటం అయిపోయాక నాయకుడు శేషాచలం చెవిలో ఏదో అన్నాడు. శేషాచలం ఇబ్బందిగా తలూపి, "అలాగే సార్, గేటు దగ్గరికే వెళ్దాం. ఫోటో అక్కడే తీసుకోవచ్చు" అన్నాడు.

వడ్డించిన విస్తరి ముందు నుంచి లేవకూడదంటారు. తిరుమల్‌కు తల్లి నేర్పిన మొదటి మర్యాదల్లో అదొకటి. కోపం వచ్చినా, కబురొచ్చినా రెండు ముద్దలు తిని లేవాలి. అతను విస్తరి కేసి చూశాడు, కళ్ళకద్దుకున్నాడు, లేచాడు.

"మామా, ఏడికి?" అన్నాడు పక్కన కూర్చున్న నగేష్, నోట్లో ముద్దతో.

"నువ్వు తినురా" అన్నాడు తిరుమల్.

గేటు బయట నాయకుడు కార్మికుల మధ్య నిలబడి, రెండు చేతులూ చెరొకరి భుజాల మీద వేశాడు. ఒక చెయ్యి రాజనర్సు మీద పడింది. ఫోటో తీసేవాడు గేటు కనిపించకుండా పక్కకు జరగమంటున్నాడు.

"మీ కష్టాలన్నీ నాకు తెలుసు" అన్నాడు నాయకుడు. "మన ప్రభుత్వం రానీయండి. గల్ఫ్ వాళ్ళకు ఏం చెయ్యాల్నో అన్నీ చేస్తం. మీరు మాత్రం మమ్మల్ని గెలిపియ్యాలె."

"నాకు ఓటు లేదు సార్" అన్నాడు రాజనర్సు. వినయంగానే అన్నాడు. "ఊళ్ళె ఉంటలేనని పేరు తీసేసిండ్రు. ఈడ ఎట్లాగు లేదు. నేను ఎవల్ని గెలిపియ్యాలె, ఎవల్ని ఓడగొట్టాలె?"

నాయకుడి వెనకున్న మనిషి నవ్వాడు. "అయితే ఏమైతది పెద్దమనిషీ? ఇంట్ల ఆడోళ్ళకు, కొడుకులకు చెప్పు. ఫోన్ల చెప్తే చాలు."

నాయకుడు కూడా నవ్వి, "అంతే, అంతే. ఫోటో దిగుదాం రాండ్రి" అన్నాడు.

ఆ క్షణంలో ఏదైనా పెద్ద మాట అనాలని తిరుమల్‌కు అనిపించింది. నోటికి వచ్చిందొక్కటే.

"కాకా, బస్సెక్కు."

రాజనర్సు తన భుజం మీద చేతిని మెల్లగా, ఎవరింటి వస్తువో పక్కన పెట్టినట్టు, తీసి కిందికి వదిలాడు. బస్సెక్కాడు. మిగిలినవాళ్ళు ఒకరి వెనక ఒకరు ఎక్కారు. ఫోటో తీసేవాడు కెమెరా దించాడు. శేషాచలం "తిరుమల్, ఇదేంటయ్యా, పెద్దాయన ముందు..." అన్నాడు. తిరుమల్ ఆయన ముఖంలోకి చూశాడు. కిటికీ వైపు తిరిగిపోయిన ఆనాటి ముఖమే. వెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.

అయితే వెంటనే వెళ్ళిపోలేదు. లోపలున్నవాళ్ళను వదిలి ఎలా పోతాడు? ఇంజన్ ఆన్ చేసి, హారన్ కొట్టకుండా కూర్చున్నాడు. కాసేపటికి కొందరు సగం తిని వచ్చారు, కొందరు పూర్తిగా తిని, మూతి తుడుచుకుంటూ వచ్చారు. అందరికంటే చివర నగేష్ వచ్చాడు. అతని వెనకే సీతాలక్ష్మి, ఇద్దరు ఆడవాళ్ళతో కలిసి అన్నం గిన్నెలూ పప్పు గిన్నే మోసుకొచ్చింది. గిన్నెలు మెట్టు మీద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని, "తీసుకోండన్నయ్యా. తిండి ఏం పాపం చేసింది?" అంది.

రాజనర్సు లేచి వచ్చి గిన్నెలు లోపలికి అందుకున్నాడు. "పైలంగ పో బిడ్డా" అన్నాడు.

వక్రా రేవు దగ్గర, చేపల పడవలు కట్టేసి ఉన్న గట్టు మీద కూర్చుని వాళ్ళు తిన్నారు. అక్కడ ఎవరూ ఏమీ అడగలేదు. వలలు బాగుచేసుకుంటున్న మనుషులు తలెత్తి చూసి మళ్ళీ పనిలో పడ్డారు. నగేష్ మాత్రం దూరంగా నిలబడ్డాడు.

తిరుమల్ దగ్గరికెళ్ళాడు. "ఏమైందిరా?"

"ఆకలైంది మామా, తిన్న. గా అక్క తమ్ముడన్నది, మంచిగ మాట్లాడింది. నాది తప్పా?"

"తప్పేం లేదురా."

"మరి నువ్వెందుకు లేచినవ్? నన్ను చూసి అందరు మొకాలు తిప్పుకుంటున్నరు."

తిరుమల్‌కు తన కోపం ఎవరి మీదో పూర్తిగా తెలియలేదు. ఇక్రాముద్దీన్ మీద కాదు. చంటిబిడ్డ తల్లి మీదా కాదు, ఆమె భయం ఆమెది. లోపలికి నడిచేటప్పుడు వెనక్కి తిరిగి చూడని తన మీద కొంచెం ఉంది. "నాకు మింగుడు పడలే. నీకు పడ్డది. అంతే" అన్నాడు చివరికి. ఆ మాట నగేష్‌కు గుచ్చుకుందని ముఖం చూశాకే తెలిసింది. అప్పటికి మాట దాటిపోయింది.

తర్వాతి వారం శేషాచలం ఇంటికి పిలిచాడు. అన్నేళ్ళుగా ఆ బిల్డింగు ముందు బస్సు ఆపుతున్నా తిరుమల్ లోపలికి వెళ్ళడం అదే మొదలు. సీతాలక్ష్మి కాఫీ ఇచ్చింది. శేషాచలం తాగకుండానే కప్పు బల్ల మీద పెట్టాడు.

"శుక్రవారం రూలు నాకు తెలుసు తిరుమల్. ఎలాగోలా లోపలికి పంపిస్తారులే అనుకున్నా. అందరికీ కుదిరే రోజు అదొక్కటే మరి."

"మీకు కుదిరే రోజు సార్. మాకు గేటు మూసే రోజు" అన్నాడు తిరుమల్.

సీతాలక్ష్మే అడిగింది. "వచ్చే ఏడు ఏం చెయ్యమంటావన్నయ్యా?"

"మా దిక్కు రాండ్రమ్మా. క్యాంపు పక్కన జాగా ఉంది. చెట్లుండవు. గేటు సుత ఉండదు."

ఆ మాట సంఘంలో పెద్ద గొడవే అయింది. అంతదూరం ఆడవాళ్ళను తీసుకెళ్ళడమేంటని కొందరు, దుమ్మని కొందరు. నాయకుడికి జరిగిన అవమానం గురించి కొందరు. ఆ ఏడాది సంఘం ఎన్నికల్లో శేషాచలం కార్యదర్శి పదవి పోయింది. కొత్త కార్యదర్శి వేరే బస్సు మాట్లాడుకున్నాడు. తిరుమల్‌కు శుక్రవారాలు ఖాళీ అయ్యాయి. నగేష్ కంపెనీ మారి వేరే క్యాంపుకు వెళ్ళిపోయాడు. ప్రతిమ వాళ్ళింటికి మాత్రం పండగలకు వెళ్తున్నాడనీ, వాళ్ళు సొంత తమ్ముడిలాగే చూస్తున్నారనీ తిరుమల్‌కు తెలిసింది. అలాంటివాళ్ళూ ఉన్నారు, కాదనలేం. మామా అల్లుళ్ళ మాటలు మాత్రం బాగున్నావా అంటే బాగున్నా అనేదగ్గరే ఆగిపోయాయి.

మళ్ళీ కార్తీకం వచ్చింది. శేషాచలం, సీతాలక్ష్మి, వాళ్ళ వెంట ధైర్యం చేసిన నాలుగైదు కుటుంబాలు బర్వా దగ్గరికి వచ్చాయి. నాయకులెవరూ రాలేదు. రాజనర్సు పొయ్యి పక్కన నిలబడి పచ్చిపులుసు కలిపాడు. యాట సంగతి మాత్రం అంత తేలిగ్గా తేలలేదు. మాంసం లేకపోతే మేం రామని క్యాంపులో సగంమంది, ఉంటే మేం తినమని వచ్చినవాళ్ళు. చివరికి ఆ మూల ఒక పొయ్యి, ఈ మూల ఒక పొయ్యి పెట్టారు. పంక్తి ఒకటే వేశారు, కాని మధ్యలో కాస్త ఖాళీ మిగిలిపోయింది. ఇక్రాముద్దీన్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి, ఆ ఖాళీలో కూర్చుని రెండు వైపులవీ తిన్నాడు.

శేషాచలం మట్టిలో మఠం వేసుకుని కూర్చోలేక కాళ్ళు అటూ ఇటూ మారుస్తుంటే రాజనర్సు చెక్కముక్క తెచ్చి వేశాడు. "షట్టరింగ్ చెక్క సార్. మేం దీని మీదనే పంటం."

"పర్లేదండీ" అని శేషాచలం దాని మీద కూర్చున్నాడు. రాజనర్సును ఆయన 'అండీ' అనడం తిరుమల్ విన్నాడు. రాజనర్సు విన్నాడో లేదో, పచ్చిపులుసులో ఉప్పు చూస్తున్నాడు.

ఆ చలికాలమే తిరుమల్ సెలవు మీద ఊరెళ్ళాడు. పండగకు కాకుండా సర్పంచి ఎన్నికలకు సెలవు పెట్టుకున్నాడని తెలిసి పుష్ప ముక్కున వేలేసుకుంది. "దుబాయ్ నుంచి ఓటు కోసం వచ్చినోన్ని నిన్నే చూస్తున్న" అంది. గల్ఫంతా ఆమెకు దుబాయే. అంతకుముందు సెలవులోనే అతను ఆఫీసుల చుట్టూ తిరిగి, రాజనర్సుదిలాగే తీసేసిన తన పేరు మళ్ళీ ఎక్కించుకున్నాడు. ఓటు రోజు బడి ముందు వరుసలో నిలబడితే, ఓ పార్టీ కుర్రాడు గుర్తుపట్టి "తిర్మలన్నా, మనోళ్ళకే గద?" అని కన్ను గీటాడు. తిరుమల్ నవ్వాడు. లోపలికెళ్ళి, వేలు మీద సిరా వేయించుకుని, అట్టల చాటున నిలబడి, ఎవరు చెప్పింది కాకుండా తనకు తోచినవాడికి గుద్దాడు. తోచినవాడు ఓడిపోయాడు.

తిరిగొచ్చాక ఒక పొద్దున బస్సులో రాజనర్సు అతని వేలు పట్టుకుని మాసిపోయిన సిరా చుక్కను వెలుతురులోకి తిప్పి చూశాడు.

"ఓడిండట గద నువ్వేసినోడు?"

"ఓడిండు కాకా."

"మల్ల గింత కర్సు పెట్టుకొని పోయినవ్. ఏమన్న మారిందా?"

తిరుమల్ తాళం తిప్పి ఇంజన్ ఆన్ చేశాడు. "ఇంట్లోళ్ళకు ఫోన్ల చెప్పుమని నన్నెవలు అనలే" అన్నాడు.

రాజనర్సు నవ్వలేదు. వేలు వదిలి, వెనక్కి ఒరిగి కళ్ళు మూసుకున్నాడు. బస్సు కదిలాక, కళ్ళు తెరవకుండానే, "నా పేరు సుత ఎక్కియ్యాలంటే ఏం చెయ్యాల్నో నా కొడుక్కు జర చెప్పురా" అన్నాడు. తిరుమల్ సరేనని, క్యాంపు మలుపు తిప్పి సైటు రోడ్డెక్కించాడు.